నాన్నకి శుక్లం ఆపరేషన్: సుగరు, ప్రొస్టేటు మాత్ర, క్రియాటినిన్ 2.1. ముందుగా ఏటేటి చూసుకోవాలి?

ఉద్దానం కొబ్బరి (కవిటి)

అందరికీ నమస్కారమండీ. నాన్నకి 67 ఏళ్ళు. కుడికంట్లో శుక్లం బాగా ముదిరింది, ఎడమది ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు అన్నారు శ్రీకాకుళంలో చూసిన డాక్టరుగారు. రెండు వారాల తర్వాత ఆపరేషనుకి డేటిచ్చారు. లెన్సు కొలతలకి వచ్చే సోమవారం రమ్మన్నారు.

వాడుతున్న మందులు: పొద్దున్న గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా., లినాగ్లిప్టిన్ 5, బీపీకి ఆమ్లోడిపిన్ 5. మధ్యాహ్నం ఆస్పిరిన్ 75. రాత్రి ప్రొస్టేటుకి టామ్సులోసిన్ 0.4. మాది ఉద్దానం కాబట్టి కిడ్నీ సంగతి వేరే చెప్పక్కర్లేదు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) 2.1 ఉంది. డయాలసిస్ దాకా రాలేదు. తిన్నాక సుగరు 190–210 మధ్య ఉంటోంది. రోజుకి నాలుగైదు చుట్టలు కాలుస్తారు, దగ్గుంది.

నాకున్న అనుమానాలు: ఆస్పిరిన్ వారం ముందే ఆపేయమని ఒక మందుల షాపులో చెప్పారు, ఆపాలా? లెన్సుకి మూడు రేట్లు చెప్పారు, ఏది తీసుకోవాలి? శుక్లం పూర్తిగా పండాక, అదీ చలికాలంలో అయితే మేలని ఇంట్లో పెద్దవాళ్ళంటున్నారు, నిజమేనా? ఇంట్లో కట్టెల పొయ్యి, తోట పని ఎన్నాళ్ళు మానాలి? అరసవల్లిలో మొక్కు కూడా ఉంది, పుష్కరిణిలో స్నానం, గుండు.

కంటి కొలతలు (ఆప్టోమెట్రిస్ట్, విజయనగరం)

సోమవారం పని ఇంకా మీ చేతిలోనే ఉంది కాబట్టి ముందు దాని గురించి చెప్తాను.

లెన్సు పవరు ముఖ్యంగా రెండు కొలతల మీద తేలుతుంది. ఒకటి కార్నియా వంపు, రెండోది కంటిగుడ్డు ముందు నుంచి వెనక దాకా పొడవు. మామూలుగా ఈ పొడవు 23–24 మి.మీ. ఉంటుంది. ఇందులో ఒక్క మి.మీ. తప్పితే ఆపరేషన్ తర్వాత అద్దాల నంబరు రెండున్నర నుంచి మూడు దాకా తప్పుతుంది. కాంతితో కొలిచే మిషను కంటిని తాకదు, వీలైతే దాంతోనే తియ్యమనండి. శుక్లం మరీ చిక్కబడితే ఆ కాంతి లోపలికి పోదు, అప్పుడు ఏ-స్కాన్ చేస్తారు. అందులో పెన్నులాంటి ప్రోబుని కంటికి ఆనిస్తారు. అది కాస్త గట్టిగా ఆనిందంటే గుడ్డు నొక్కుకుని పొడవు తక్కువ చూపిస్తుంది. దాంతో లెన్సు పవరు ఎక్కువ లెక్కకొస్తుంది, తీరా చూస్తే దూరం చూపు మసకే. ఆపరేషన్ ఒక్క కంటికే అయినా రెండు కళ్ళూ కొలిపించండి. రెండింటి పొడవులో 0.3 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే మళ్ళీ కొలవాల్సిందే. తేడా నిజంగానే ఉన్న కళ్ళూ ఉంటాయి, కానీ అది రెండోసారి కొలిచి తేల్చుకోవాల్సిన సంగతి.

సోమవారం పొద్దున్న ఇంట్లో ఉన్న చుక్కలేవీ కంట్లో వెయ్యకండి. పాప పెద్దదయ్యే చుక్కలు కూడా కొలతలయ్యాకే వెయ్యాలి. కార్నియా పొడిబారి ఉంటే వంపు లెక్క ఊగుతుంది. మూడుసార్లు తీసిన రీడింగులూ దగ్గర దగ్గరగా రాకపోతే, కొన్నాళ్ళు కృత్రిమ కన్నీటి చుక్కలు వాడి మళ్ళీ రమ్మంటారు. దానికి విసుక్కోకండి.

ఇంకోటి. తోటల్లో, సముద్రపు ఒడ్డున ఎండలో తిరిగేవాళ్ళకి ముక్కువైపు తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పాకి ఉండడం మనవైపు చాలా చూస్తాం. అది చిన్నదైతే పర్వాలేదు. పాప దాకా వచ్చిందంటే కార్నియాని లాగి వంపు మార్చేస్తుంది. అలాంటప్పుడు ముందు కండ తీయించి, ఒకటి నుంచి మూడు నెలలు ఆగి, అప్పుడు కొలతలు తీస్తారు. నాన్నగారికి ఉందో లేదో టార్చి వేసి మీరే చూడొచ్చు.

పండాక అనే మాట పాతకాలం ఆపరేషనుది. అప్పట్లో లెన్సుని పైపొరతో సహా మొత్తంగా లాగేసేవారు, ముదిరితే తేలిగ్గా ఊడి వచ్చేది. ఇప్పుడు పైపొర సంచిని అలాగే ఉంచి లోపలిది తీసి, ఆ సంచిలోనే కొత్త లెన్సు పెడతారు. ముదిరినకొద్దీ లోపలి గింజ గట్టిపడుతుంది. దాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ శక్తి ఎక్కువ వాడాలి, ఆ వేడికీ అదురుకీ కార్నియా లోపలి కణాలు చచ్చిపోతాయి. అవి మళ్ళీ పుట్టవు. మరీ ఆలస్యమైతే లెన్సు ఉబ్బి కంటి ప్రెషరు పెరిగి, నొప్పితో అర్ధరాత్రి పరిగెత్తాల్సి వస్తుంది. చలికాలం, ఎండాకాలం అనే పట్టింపు కంటికి లేదు.

లెన్సు: సుగరున్న మనిషికి నా మాట మోనోఫోకల్ (ఒకే దూరానికి పనిచేసేది), హైడ్రోఫోబిక్ (నీరు పీల్చని పదార్థంతో చేసింది), మడత లెన్సు. దూరం శుభ్రంగా ఉంటుంది, పేపరుకి అద్దాలు పెట్టుకోవాలి. మల్టీఫోకల్ లోపలికొచ్చే వెలుగుని రెండు మూడు దూరాలకి పంచుతుంది కాబట్టి కాంట్రాస్టు తగ్గుతుంది. సుగరు వల్ల రెటీనా ఇప్పుడు బాగున్నా రేపు దెబ్బతింటే ఆ తగ్గుదల రెట్టింపు అవుతుంది. డబ్బు పోసి కొనుక్కునే ఇబ్బంది అది. కార్నియా వంపులో సిలిండరు ఒకటీ ఒకటింబావు దాటితేనే టోరిక్ (ఆ సిలిండరుని సరిచేసే లెన్సు) గురించి ఆలోచించండి. విదేశీ లెన్సు, మన దేశపు లెన్సు అని రేటు చెప్తే కంగారు పడొద్దు. మదురైలో ఆరోలాబ్ 1992 నుంచి లెన్సులు చేస్తోంది, ప్రపంచమంతా వాడుతున్నారు. దేశం పేరు కాదు, లెన్సు పదార్థం, పవరు అడగండి.

‘లేజర్ ఆపరేషన్’ అని బిల్లులో రాస్తే అది నిజంగా లేజరేనా, ఫేకోనా అని అడగండి. ఫేకోలో వాడేది అల్ట్రాసౌండు, లేజరు కాదు. ఫెమ్టో లేజరు వేరే మిషను, రేటూ వేరే.

నెల్లిమర్ల సిస్టర్ (ఓటీ నర్సు)

మీ లిస్టులో నేను ముందు చూసింది టామ్సులోసిన్. కంటి డాక్టరుగారికి ఆ పేరు చెప్పారా? ‘బీపీ, సుగరు మాత్రలు వాడతారు’ అని మాత్రం చెప్పి ఊరుకుంటారు చాలామంది. ప్రొస్టేటు మాత్రకీ కంటికీ ఏటి సంబంధం అనుకుంటారు. ఆ మందు కంటిపాప చుట్టూ ఉండే కండరాన్ని కూడా వదులు చేసేస్తుంది. చుక్కలు వేసినా పాప సరిగా తెరుచుకోదు, మధ్యలో చిన్నదైపోతుంది, ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) తడిగుడ్డలా అల్లల్లాడి గాయంలోంచి బయటికి తోసుకొస్తుంది. ముందే తెలిస్తే డాక్టరుగారు ఐరిస్ హుక్కులో, రింగో సిద్ధంగా పెట్టుకుంటారు, కంటి లోపలికి ఇచ్చే మందు మారుస్తారు. తెలియకపోతే ఆపరేషన్ మధ్యలో తెలుస్తుంది. మీ అంతట మీరు మాత్ర మాత్రం ఆపొద్దు. ఆపినా ఆ వదులుదనం పోతుందన్న నమ్మకం లేదు, పైగా మూత్రం బిగుసుకుంటుంది. ఎప్పుడో వాడి మానేసినవాళ్ళు కూడా చెప్పాలి. డ్యూటాస్టెరైడ్ అనే ఇంకో ప్రొస్టేటు మందుతో కలిపి ఒకే బిళ్ళగా కూడా వస్తుంది, పేరు చూసి పోల్చుకోలేరు. అందుకే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్ళండి.

ఆస్పిరిన్ సంగతి. షాపులో చెప్పిన మాట పక్కన పెట్టండి. ఫేకోలో కోత 2.2 నుంచి 2.8 మి.మీ., అదీ రక్తనాళాల్లేని కార్నియా అంచులో. చుక్కల మత్తుతో చేస్తే రక్తం కారే సందే దాదాపు లేదు. కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతైనా ఆస్పిరిన్ మామూలుగా కొనసాగిస్తారు. ఆపితే గుండెకొచ్చే ముప్పు పెద్దది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి ఆపరేషన్ ముందు ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూస్తారు. ఏదైనా గుండె డాక్టరుగారూ కంటి డాక్టరుగారూ చెప్పాలి, మనం కాదు.

ఈసీజీ, రక్తపరీక్షలతో పాటు కన్నీటి నాళం కూడా చూస్తారు. కంటి లోపలి మూలనున్న చిన్న రంధ్రంలోకి మొద్దు సూదితో సెలైన్ ఎక్కిస్తారు, నొప్పుండదు. గొంతులోకి ఉప్పగా దిగిందా అని అడుగుతారు. దిగితే నాళం బాగుంది. దిగకుండా వెనక్కి తన్నుకొచ్చి, దాంతో పాటు చీము కనబడితే ఆపరేషన్ ఆపేస్తారు. ఆ సంచిలో ఉన్న క్రిములు కంటి లోపలికి వెళ్తే చూపు పోతుంది. ముందు ఆ సంచికి వైద్యం చేసి, అది మానాకే శుక్లం. నాన్నగారికి ఎప్పుడూ కన్ను నీరు కారుతుంటే కొలతల రోజే చెప్పండి, డేటు వృథా కాకుండా ఉంటుంది. పిప్పి పన్ను, కాలి పుండు, మూత్రంలో మంట ఉన్నా అంతే.

దగ్గు తేలిగ్గా తీసుకోవద్దు. పావుగంట నుంచి అరగంట వెల్లకిలా కదలకుండా పడుకోవాలి, మొహం మీద గుడ్డ కప్పుతారు. కన్ను తెరిచి ఉండగా గట్టిగా దగ్గితే కంటి వెనక ఒత్తిడి పెరిగి లోపలి పొర చిరుగుతుంది. ఇవాళ్టి నుంచే చుట్ట మానిపించండి, రెండు వారాల్లో దగ్గు కొంతైనా తగ్గుతుంది. అమ్మమ్మలూ నాయనమ్మలూ అడ్డపొగ (నిప్పువైపు నోట్లో పెట్టుకుని చుట్ట) కాల్చేవాళ్ళుంటే వాళ్ళకీ ఇదే మాట. రోజూ పావుగంట, దిండు లేకుండా పడుకోబెట్టి మొహం మీద పల్చటి తువ్వాలు వేసి అలవాటు చేయించండి. ఆయాసం వస్తోందంటే ముందే తెలుస్తుంది. చెవుడుంటే అదీ చెప్పండి, గుడ్డ కింద ఉన్న మనిషికి మాట వినబడకపోతే ‘కిందికి చూడు’ అన్నప్పుడు తల తిప్పేస్తారు.

మందుల కొట్టు (నరసన్నపేట)

సిస్టర్ గారు చెప్పినవి మళ్ళీ చెప్పను. కిడ్నీ వైపు నుంచి మూడు మాటలు.

ఆపరేషన్ తర్వాత కంటి ప్రెషరు పెరగకుండా అసెటజోలమైడ్ 250 మి.గ్రా. బిళ్ళలు రాసే అలవాటు ఉంది. డయమాక్స్ అనే పేరు విని ఉంటారు. అది కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. క్రియాటినిన్ 2.1 ఉన్న మనిషిలో నిలిచిపోయి రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, మత్తుగా అయోమయంగా ఉంటారు. దాని బదులు ప్రెషరు తగ్గించే చుక్కలున్నాయి. రెండోది, నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఏసెక్లోఫెనాక్ బిళ్ళలు వద్దు, పారాసిటమాల్ చాలు. కంట్లో వేసే నెపఫెనాక్, కెటోరొలాక్ చుక్కలు అదే జాతివైనా రక్తంలోకి చేరేది చాలా తక్కువ, వాటికి భయపడొద్దు. సుగరున్నవాళ్ళకి రెటీనా మధ్యభాగం వాయకుండా వాటిని కావాలనే ఎక్కువ వారాలు రాస్తారు. మూడోది, మన్నిటాల్ సెలైన్. ఒంట్లో నీరు పట్టే మనిషికి అది ఎక్కిస్తే ఊపిరి ఆడదు. అందుకని కేసు షీటు మీద పైనే ‘కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ 2.1’ అని ఎర్ర సిరాతో రాయించండి. తాజా రిపోర్టు జెరాక్స్ దానికి పిన్ చేయించండి.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: డయాలసిస్ మర్నాడు డేటు పెట్టించుకోండి. డయాలసిస్ రోజు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ అప్పటికి దిగిపోతుంది, నీరు తీసేశారు కాబట్టి వెల్లకిలా పడుకోగలరు.

గ్లిమెపిరైడ్ దగ్గర జాగ్రత్త. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలో అది ఎక్కువసేపు పనిచేస్తుంది. పొద్దున్న మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుంటే సుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు. ఆ రోజు టిఫిన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఆ మాత్ర. ముందు రోజే అడిగి రాయించుకోండి. బీపీ మాత్ర మాత్రం రెండు గుక్కల నీళ్ళతో మామూలు టైముకే.

చీపురుపల్లి

చుక్కల మత్తుకి ఖాళీ కడుపు అక్కర్లేదు కదా, రెండు ఇడ్లీ తినే వెళ్ళొచ్చు. మా వైపు ఆసుపత్రుల్లో అలాగే చెప్తున్నారు. అందరినీ పస్తుంచడం పాత పద్ధతి.

నెల్లిమర్ల సిస్టర్

చీపురుపల్లి గారూ, చుక్కలతో చేస్తే మీరన్నది నిజమే. కానీ శుక్లం ముదిరిందన్నారు, పాప తెరుచుకోదు. ఈయనకి ఇంజెక్షన్ మత్తు ఇచ్చే అవకాశం ఎక్కువ. దడకి నిద్రమత్తు సూది కూడా ఇవ్వొచ్చు. కాబట్టి ‘మత్తు ఏది, ఎన్నింటి దాకా తినొచ్చు’ అని అడిగి తెలుసుకోవాల్సిందే. ఇంజెక్షన్ అయితే అది పడుతుందో లేదో చర్మం కింద టెస్ట్ డోసు వేసి చూస్తారు.

సుగరు, బీపీ అంకెలు ఆసుపత్రిని బట్టి మారతాయి. బీపీ 180/110 దాటితే దాదాపు అందరూ వాయిదా వేస్తారు. సుగరు ఆ పూట 200 లోపుంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. 190–210 అంటే అంచు మీద ఉన్నారు. ఈ రెండు వారాల్లో ఫిజీషియన్ని కలవండి. అంతేగానీ రెండు రోజుల ముందు అన్నం మానిపించి బలవంతంగా దించొద్దు. ఆ ఆదరాబాదరాలో లో-సుగరు వస్తుంది.

ఆ రోజు పొద్దున్న తలస్నానం, మొహం సబ్బుతో రెండుసార్లు, గెడ్డం. తలకి నూనె రాయొద్దు. బొట్టు, విభూది, గంధం, పౌడరు ఏదీ వద్దు. ముందు బొత్తాలుండే చొక్కా వేయండి, తల మీంచి తీసే బనీను వద్దు. ఆడవాళ్ళయితే ముందు హుక్కుల జాకెట్టు, కాటుక రెండు రోజుల ముందు నుంచే మానాలి, రెప్పల మొదళ్ళలో మిగిలిపోతుంది. కట్టుడు పళ్ళుంటే చెప్పాలి. లోపలికి పిలిచే ముందు మూత్రానికి వెళ్ళి రావాలి, ప్రొస్టేటు ఉన్న మనిషికి ఇది మరీ ముఖ్యం. ఉంగరాలు, వాచీ ఇంట్లోనే.

పాప పెద్దదయ్యే చుక్కలు గంట ముందు నుంచి పది పదిహేను నిమిషాలకోసారి మూడు నాలుగు సార్లు వేస్తారు. వాటిలో ఉండే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచుతుంది. బీపీ ఉందని చెప్తే 10 శాతం బదులు పలచటిది వాడతారు. చుక్క పడ్డాక కన్ను మూసి, ముక్కు పక్కన మూలని వేలితో నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి దిగదు. ఏ కంటికో నుదుటి మీద గుర్తు పెడతారు. అది కుడికన్ను మీదే ఉందా అని మీరూ చూడండి, నాన్నగారిని కూడా పేరు, కన్ను నోటితో చెప్పమనండి. లోపల ఎర్ర గోధుమ రంగు మందు కంట్లో పోస్తారు, మండుతుంది. అది 5 శాతం పోవిడోన్ అయోడిన్. ఇన్ఫెక్షన్ని ఆపడంలో అది చాలా ముఖ్యం. మూడు నిమిషాలు ఉంచుతారు, ఓర్చుకోవాలి. దగ్గొచ్చేలా ఉంటే చెయ్యెత్తకుండా నోటితో చెప్పాలి, ఒక్క నిమిషం ఆపుతారు.

ఉద్దానం కొబ్బరి

చాలా థాంక్సండీ. టామ్సులోసిన్ సంగతి నిజంగా చెప్పలేదు, సోమవారం అట్టలన్నీ పట్టుకెళ్తాం. మూడు రోజుల ముందు నుంచి మోక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు రోజుకి నాలుగుసార్లు వెయ్యమని రాశారు. చుక్కలు వెయ్యడం మాకు ఎవరికీ అలవాటు లేదు. కొత్త సీసాకి కన్నం లేదు, సూదితో పొడవాలా? ఆపరేషన్ తర్వాత సంగతి కూడా చెప్తారా?

మందుల కొట్టు (నరసన్నపేట)

సూది, గుండుసూది, బ్లేడు ఏదీ వద్దు. మూత లోపల చిన్న మేకు ఉంటుంది. మూతని కుడివైపుకి గట్టిగా చివరి దాకా బిగిస్తే అదే కన్నం చేస్తుంది. తర్వాత విప్పి వాడాలి. సూదితో పొడిస్తే కన్నం పెద్దదై ఒకేసారి రెండు మూడు చుక్కలు పడతాయి, సీసా సగం రోజుల్లో అయిపోతుంది. లోపలి మందు కూడా పాడవుతుంది. సీసా తెరిచిన తేదీ దాని మీద రాయండి, నెల దాటితే పారెయ్యండి.

ఒక్క చుక్క చాలు. కంట్లో నిలిచేది ఒక చుక్క కన్నా తక్కువే, రెండోది బుగ్గ మీదికి కారుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, తల వెనక్కి వంచి, కింది రెప్ప లాగి, ఆ జేబులో వెయ్యాలి. సీసా మూతి రెప్పకీ వెంట్రుకకీ తగలకూడదు. రెండు రకాల మందులకి మధ్య ఐదు నిమిషాలు ఎడం ఇవ్వాలి, లేకపోతే మొదటిదాన్ని రెండోది కడిగేస్తుంది. ప్రెడ్నిసొలోన్ లాంటి పాలలాంటి మందుని వేసే ముందు బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. కుదపకపోతే మొదటి వారం నీళ్ళు, చివరి వారం మందు వేసినట్టవుతుంది.

కంటి కొలతలు

ముందు రోజుల యాంటీబయాటిక్ చుక్కల మీద నాకొక అభ్యంతరం ఉంది. పోవిడోన్ అయోడిన్ సరిగ్గా వాడి, ఆపరేషన్ చివర్లో కంటి లోపలికి యాంటీబయాటిక్ ఇస్తే, మూడు రోజుల ముందు చుక్కల వల్ల అదనంగా వచ్చేది తక్కువ. కొన్ని ఆసుపత్రులు మానేశాయి కూడా. కానీ మీ డాక్టరుగారు రాశారు కాబట్టి వెయ్యండి. సగం వేసి సగం మానడం అన్నిటికన్నా చెడ్డది.

నెల్లిమర్ల సిస్టర్

అది డాక్టర్ల మధ్య తెగని వాదన, మనం ఇక్కడ తేల్చలేం. తర్వాత సంగతి చెప్తాను.

మర్నాడు పొద్దున్న చూపించి తీరాలి. కవిటి నుంచి రాత్రి వెళ్ళి పొద్దున్నే బస్సెక్కి రావడం కష్టం, ఆ రాత్రి శ్రీకాకుళంలోనే ఎక్కడైనా ఉండండి. పట్టీ మీరు విప్పొద్దు. తర్వాత వారం రోజులైనా రాత్రి పడుకునేటప్పుడు కంటి మీద ప్లాస్టిక్ మూకుడు (షీల్డు) పెట్టి కాగితపు టేపు అంటించాలి, నిద్రలో నలపకుండా. టేపు నుదుటి నుంచి బుగ్గకి ఏటవాలుగా వెయ్యాలి, రెప్పని లాగకూడదు. రోజూ మూకుడు సబ్బుతో కడగాలి.

స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువగా రోజుకి ఆరుసార్లతో మొదలై వారానికి ఒకటి చొప్పున తగ్గుతూ ఆరు వారాలు పోతాయి. యాంటీబయాటిక్ ఒకటి రెండు వారాలు. మీకిచ్చిన కాగితం ఏది చెప్తే అదే. కన్ను బాగుందని స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే వాపు తిరగబెడుతుంది. ఇంట్లో ఉందని ఆ చుక్కలు ఇంకొకరి కంట్లో వెయ్యొద్దు.

తలస్నానం రెండు వారాలు వద్దు. మెడ కింది నుంచి రోజూ చెయ్యొచ్చు, మొహం తడిబట్టతో తుడుచుకోవాలి. పుసి ఉంటే కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి పిండి, లోపలి మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి దాన్ని పారేయాలి. పసుపు, చనుబాలు, ఆముదం, తేనె ఏవీ కంటి దగ్గరికి రాకూడదు. అరసవల్లి పుష్కరిణి స్నానం, గుండు కుదిరితే ఆపరేషనుకి ముందే కానిచ్చేయండి, లేదా నెల దాటాక. గుండు చేసేటప్పుడు ఆ తడిసిన వెంట్రుకలు కంట్లోకి జారతాయి, స్వామి ఏమీ అనుకోడు. రథసప్తమికే వెళ్ళాలనుకుంటే తేదీ ముందే చూసుకోండి. సూర్యుణ్ణి తిన్నగా చూడటం మాత్రం కన్ను ఎప్పుడు బాగున్నా వద్దే.

కట్టెల పొయ్యి దగ్గరికి నెల రోజులు వద్దు. తోటకి వెళ్ళి కొబ్బరి డొక్కలు కొట్టడం, బోరు కొట్టడం, ఐదు కిలోల పైన ఎత్తడం నెల. మలబద్ధకం రానివ్వొద్దు, ముక్కితే కోత మీద ఒత్తిడి పడుతుంది. జీడిపప్పు ఒలిచే ఇళ్ళలో గింజల నూనె పొగ ఘాటు మరీ ఎక్కువ, అలాంటి పని ఉంటే ఆరు వారాలు. బయటికి నల్లద్దాలు. టీవీ, పేపరు చూడొచ్చు, వాటితో కన్ను పాడవదు.

మొదటి ఒకటి రెండు రోజులు ఇసుక పడ్డట్టు గరగరలాడటం, నీరు కారడం, తెల్లటివి నీలంగా కనబడటం మామూలే. రెండో రోజు నుంచి వారం లోపు నొప్పి పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా, ఎర్రదనం ఎక్కువైనా, పుసి చిక్కగా ఉన్నా అదే పూట ఆపరేషన్ చేసిన చోటికి వెళ్ళాలి. కంటి లోపల చీము పట్టడం అలాగే మొదలవుతుంది, కంటి లోపలికి ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత చూపు మిగులుతుంది. ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో ఒక చుక్కల సీసా కొని రేపు చూద్దామనుకోవడం కుదరదు. తర్వాత నెలల్లో మెరుపులు, నల్ల తెర పక్క నుంచి దిగినట్టున్నా అంతే తొందర, అది రెటీనా ఊడటం కావొచ్చు.

కంటి కొలతలు

ఒకటి మర్చిపోయారు. డిశ్చార్జి కాగితం మీద లెన్సు స్టిక్కరు ఉంటుంది, దాని మీద పవరు, మోడలు, సీరియల్ నంబరు ఉంటాయి. ఫోటో తీసి పెట్టుకోండి. రెండో కంటికి లెక్కకట్టేటప్పుడు అది కావాలి. మొదటి కంటికి వచ్చిన అద్దాల నంబరు చూసి రెండోదాని పవరు సరిచేస్తారు. అద్దాలు నాలుగు నుంచి ఆరు వారాలయ్యాకే రాయించండి, కోత మానేలోపు నంబరు మారుతుంది.

కొన్ని నెలలకో ఏళ్ళకో మళ్ళీ పొర వచ్చిందంటే అది కొత్త శుక్లం కాదు, లెన్సు వెనకున్న సంచి మసకబారడం. యాగ్ లేజరుతో కూర్చోబెట్టి నిమిషాల్లో తీసేస్తారు, కోత లేదు. అది ప్యాకేజీలో ఉందో లేదో ఇప్పుడే అడగండి. ఆపరేషన్ ముందు రెటీనా చూశారా, శుక్లం అడ్డొస్తే బీ-స్కాన్ (అల్ట్రాసౌండుతో కంటి వెనక భాగం చూసే పరీక్ష) చేశారా అనేది కూడా. సుగరు వల్ల లోపల వాపుంటే ఎంత బాగా లెన్సు పెట్టినా చూపు అక్కడితో ఆగుతుంది, తర్వాత గొడవలయ్యేది దీని మీదే.

చీపురుపల్లి

డబ్బు ఇబ్బందైతే శ్రీకాకుళం, విజయనగరం సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, లెన్సుతో సహా ఉచితం. అయితే ఈయనకి కిడ్నీ, సుగరు, ప్రొస్టేటు మూడూ ఉన్నాయి కాబట్టి ఊళ్ళోకొచ్చి బస్సెక్కించుకెళ్ళే క్యాంపుల కన్నా ఫిజీషియన్ అందుబాటులో ఉన్న చోటే మేలు.

ఉద్దానం కొబ్బరి

సరేనండీ. చివరగా ఒకటి, సోమవారం కొలతలకి ఖాళీ కడుపుతో వెళ్ళాలా?

కంటి కొలతలు

వద్దు, తిని మాత్రలన్నీ వేసుకునే వెళ్ళండి. పాప పెద్దది చేస్తారు కాబట్టి నాలుగైదు గంటలు దగ్గరివి కనబడవు, ఎండ గుచ్చుతుంది. టోపీయో గొడుగో, తోడుగా ఒక మనిషి ఉండాలి. ఫాస్టింగ్ సుగరు కూడా అదే రోజు ఇవ్వమంటే ముందు రక్తం ఇచ్చి, టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని, అప్పుడు కొలతలకి.